అతికించిన టైల్స్‌కి షాపు బాధ్యత ఉండదా?

ప్రశ్న: మాది గుంటూరు. హాలుకీ రెండు బెడ్‌రూములకీ నాలుగు బై రెండు విట్రిఫైడ్ టైల్స్ విజయవాడ షాపులో కొన్నాం. 72 వేలు అయింది. చివర్లో ఆరు పెట్టెలు తగ్గితే అదే షాపు నుంచి మళ్లీ తెప్పించాం. పరిచాక చూస్తే హాల్లో ఆ ముక్క వేరే రంగు! 'అతికించాక మాకు సంబంధం లేదు, పెట్టె మీదే రాసుంది' అంటున్నారు. మా దగ్గర ఎస్టిమేట్ చీటీ తప్ప బిల్లు లేదు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. డిజైను ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగు కాస్త మారుతుంది. అందుకే పెట్టె మీద బ్యాచ్, షేడ్ నంబర్లు వేస్తారు. మీరు మొదట కొన్న షేడే కావాలని అడిగితే, వేరే షేడ్ పంపి ఆ మాట చెప్పకపోవడం షాపు తప్పు. అలా అడిగిన వాట్సాప్ మెసేజ్ ఉంటే జాగ్రత్త చేయండి. పెట్టె మీది అచ్చు వాక్యం ఒక్కటే వాళ్లను కాపాడలేదు.

అవతలి లాయరు మాత్రం ఒకటి అడిగి తీరతాడు: 'పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే తెలిసేదిగా, చూసుకోకుండా ఎందుకు పరిపించారు?' మీ కేసుకి అసలు గండం ఇదే. తేడా తెలిసీ 'పర్లేదులే' అని కానిచ్చి ఉంటే పెద్దగా ఆశ పెట్టుకోకండి.

బిల్లు సంగతి. జీఎస్టీ మిగులుతుందని మీరే వద్దన్నారేమో! మా ఇంటి టైల్స్ కొన్నప్పుడు మా ఆవిడా అదే అంది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. చీటీతో పాటు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కట్టిన లెక్క చూపిస్తే కొన్నట్టు రుజువవుతుంది.

విజయవాడ తిరగక్కర్లేదు. మీరు ఉండే చోటే, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. కొన్న విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తెగిపోతాయి.

72 వేలూ అడగకండి, నిలవదు. ఆ ఆరు పెట్టెల ధర, ఊడదీసి మళ్లీ పరిచే కూలి, కొంత పరిహారం అడగండి. పాత బ్యాచ్ ఇప్పుడు దొరకదని షాపే ఒప్పుకుంటే మొత్తం హాలు ఖర్చు అడగడానికి దారి ఉంటుంది. ఆ మాట రాతలో రాబట్టండి. ఎక్కడైనా తడితే డొల్ల చప్పుడు వస్తోందంటే అది చాలావరకు మేస్త్రి పని లోపం, దాన్ని షాపు మీద రుద్దితే అసలు కేసు పలచబడుతుంది.

స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు ఆగండి. ఈలోగా ఫ్లోరు పగలగొట్టించకండి. పగటి వెలుతురులో ఫోటోలు తీసి, రెండు షేడ్లలోనూ మిగిలిన టైల్స్‌నీ నంబర్లున్న పెట్టె అట్టలనీ దాచండి. చెత్తబండికి వేసేశారా? మేస్త్రినీ ఆటోవాడినీ అడగండి, ఒకటో రెండో వాళ్ల దగ్గర ఉండొచ్చు.