కుక్కల శిక్షణ బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులొస్తే మా రొయ్యల చెరువు దగ్గర కాపలా కుక్కలతోనే గడుపుతాడు. కుక్కలకు శిక్షణ ఇవ్వడమే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? – ఒక తండ్రి, భీమవరం

జవాబు: ఒప్పుకోవచ్చు, కానీ చదువు ఆపనివ్వకండి. వైద్యులకు ఉన్నట్లు శిక్షకులకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి, నాలుగు వారాల కోర్సు సర్టిఫికెట్‌కు పెద్ద మొత్తాలు చెల్లించే ముందు ఆలోచించండి.

అబ్బాయికి కుక్కలంటే ఇష్టం ఉందని మీ లేఖే చెబుతోంది. వాటి ప్రవర్తనను గమనించే ఓర్పు ఉందో లేదో చూడాలి. చెరువు గట్టున కట్టేసిన కుక్క దారిన పోయే ప్రతివారిపైనా మొరుగుతుంది. వాళ్లు తమ దారిన తాము వెళ్లిపోతారు గానీ, తాను మొరిగినందువల్లే వెళ్లారన్నట్లు దానికి అనుభవమై, ఆ అలవాటు రోజురోజుకూ బలపడుతుంది. తోక ఊపే కుక్క ప్రతిసారీ సంతోషంగా ఉన్నట్లు కాదు. ఒళ్లు బిగుసుకుని, పెదవులు నాకుతూ, ముఖం పక్కకు తిప్పుకుంటే అది బెదిరిందని గ్రహించాలి. గుర్రుమన్నందుకు కొడితే హెచ్చరించడం మాని నేరుగా కరిచే ప్రమాదం ఉంది.

యజమాని కుక్కపై పెత్తనం చూపి లొంగదీయాలనే వాదానికి 1947లో జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్, బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం పోటీపడతాయంటూ రాసిన పరిశీలన ఒక మూలం. అడవిలో తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్ తరువాత స్పష్టం చేశారు. అయినా కర్ర పట్టుకునే శిక్షకులు మన దగ్గర తక్కువేమీ కాదు. మీ అబ్బాయిని అటువంటివారి దగ్గర చేర్చకండి.

మార్కులు అనుకూలిస్తే పశువైద్య డిగ్రీ ఉత్తమమని నా అభిప్రాయం. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు పట్టే ఆ కోర్సు గన్నవరంలోనే ఉంది. అకస్మాత్తుగా కరవడం మొదలుపెట్టిన కుక్కకు నొప్పి ఏదైనా ఉందేమో పరీక్షించే అర్హత దానితో వస్తుంది. పోలీసు జాగిలాల విభాగమే కావాలంటే సాధారణంగా ముందు కానిస్టేబుల్‌గా చేరాలి. ప్రైవేటు శిక్షణకు గిరాకీ పెద్ద నగరాల్లోనే ఎక్కువ; భీమవరం, కాకినాడ వంటి చోట్ల కుక్కల వసతి, సంరక్షణ కూడా కలుపుకుంటే తప్ప ఆదాయం నిలకడగా ఉండదు.

ఈ వేసవిలో మీ చెరువు కుక్కల్లో ఒకదానికి, పిలిస్తే వచ్చేలా నేర్పమనండి. ఎండ ముదరకముందే కొద్ది నిమిషాలు చాలు. వచ్చిన క్షణంలోనే ఉడికించిన కోడిమాంసం ముక్క అందాలి, ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. అంతకంటే ముందు కుక్కకు రేబిస్ టీకా, అబ్బాయికి వైద్యుల సలహాతో ముందస్తు టీకాలు వేయించండి.