బీరు సామాను కొనే ముందు మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లోనే బీరు తయారు చేసుకోవాలని ఉందని, ఏ సామాను కొనాలో చూసి చెప్పమని రాశావు. నువ్వు పంపిన జాబితా చదివాను. అందులో పెద్ద స్టీలు కెటిల్ ఉంది, మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నలగ్గొట్టే మర ఉంది, దాన్నుంచి తీసి మరిగించిన నీళ్ళను చల్లార్చే రాగి చుట్ట ఉంది, బీరు నింపే పీపా, కెగ్ కూడా ఉంది. చక్కెర కొలిచే హైడ్రోమీటర్ మాత్రం లేదు. సామాను మీది క్రిములను చంపే శానిటైజర్ ఊసే లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట. నువ్వుండే చోట ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా, ఒప్పుకుంటే ఎన్ని లీటర్ల వరకు అన్నది కనుక్కో. కొన్నిచోట్ల అభ్యంతరం లేదు, కొన్నిచోట్ల అది నేరం. ఆ సంగతి తేలేదాకా రూపాయి కూడా ఖర్చు పెట్టకు.

ఇక సామాను. ఈ పనిని నేను రెండుగా చూస్తాను. మాల్ట్ నీళ్ళు, అంటే వోర్ట్, పొయ్యి మీద గంటసేపు హాప్స్ అనే చేదు పూలతో మరిగేదాకా ఒకటి. అది చల్లారి, ఈస్ట్ పడి, పులిసి, సీసాలోకి చేరేదాకా రెండోది. పొయ్యి మీద ఉన్నంతసేపు గిన్నె పాతదైనా, గరిటె ఏదైనా ఫర్వాలేదు, ఆ మరుగులో బీరును పాడుచేసేవేవీ బతకవు. చల్లారిన నిమిషం నుంచి ఆ రక్షణ పోతుంది. తియ్యటి వోర్ట్ నీ ఈస్ట్‌కి ఎంత ఇష్టమో, గాలిలో తిరిగే బ్యాక్టీరియాకూ అడవి ఈస్ట్‌కూ అంతే ఇష్టం. ఒకప్పుడు పెద్ద బ్రూవరీలకు కూడా ఈ బాధ తప్పలేదు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి చూపించాకే వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఇప్పుడు ఆ స్వచ్ఛమైన ఈస్ట్ మనకు చిన్న ప్యాకెట్‌లో దొరుకుతోంది. దాన్ని మురికి గొట్టంలోంచి వచ్చిన వోర్ట్‌లో వేస్తే ఏం లాభం? కాబట్టి డబ్బు పెట్టాల్సింది చల్లారిన తర్వాత బీరును తాకే వస్తువుల మీద. నీ జాబితాలో ఖరీదైనవన్నీ పొయ్యి దగ్గరివే.

అందరూ 20 లీటర్లతో మొదలుపెడతారు. నువ్వు 10 లీటర్లతో మొదలుపెట్టు. 15, 16 లీటర్ల స్టీలు గిన్నె సరిపోతుంది, ఇంట్లో ఉంటే కొననే అక్కర్లేదు. అడుగు మందంగా ఉందో లేదో మాత్రం చూసుకో. మొదట్లో గింజల జోలికి పోకుండా మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, అంటే గింజల నుంచి ముందే తీసి అమ్మే పాకంతోనో పొడితోనో చెయ్యి. అది వేసేటప్పుడు మంట ఆపి కలుపు, లేకపోతే అడుగంటుతుంది. పది లీటర్లే కాబట్టి రాగి చుట్ట కూడా వద్దు. గిన్నెను ఐసు నీళ్ళ తొట్టెలో పెట్టి, మధ్యలో ఆ నీళ్ళు ఒకటి రెండుసార్లు మారిస్తే చాలు. పొయ్యి దగ్గరి సామాను గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

పులియబెట్టే పాత్రకు వద్దాం. గాజు కార్బాయ్, అంటే ఇరుకు మూతి ఉన్న పెద్ద గాజు సీసా, చూడ్డానికి ఎంతో బాగుంటుంది, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. అయినా నువ్వు కొనొద్దు. తడి చేతుల్లోంచి జారి పగిలితే కండరాలు, నరాలు తెగిన వాళ్ళున్నారు. ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ బకెట్, బిగుతైన మూత, అడుగున కుళాయి ఉన్నది తీసుకో. 10 లీటర్లకు 14, 15 లీటర్ల బకెట్ ఉండాలి. పులిసేటప్పుడు నురగ పైకి పొంగుతుంది, దానికి చోటు కావాలి. నోరు వెడల్పుగా ఉంటుంది కాబట్టి చెయ్యి పెట్టి కడుక్కోవచ్చు. పీచుతో మాత్రం రుద్దకు, మెత్తటి గుడ్డతోనే తుడువు. ప్లాస్టిక్ మీద గీత పడిందంటే ఏ శానిటైజరూ దాని లోతుకు వెళ్ళలేదు. గీతలు పడ్డ బకెట్‌ను ఇంకో పనికి వాడుకుని కొత్తది కొనుక్కో.

కుళాయి గురించి విడిగా చెప్పాలి. ప్రతిసారీ దాన్ని పూర్తిగా విప్పి కడుగు. ఒకప్పుడు వరసగా మూడుసార్లు నా బీరు పుల్లబడింది. బకెట్ మార్చాను, ఈస్ట్ మార్చాను, నీళ్ళు మార్చాను. చివరికి కుళాయి విప్పి చూస్తే లోపలి మరల్లో నల్లటి జిగురు పేరుకుని ఉంది. అందుకే విప్పడానికి వీలుకాని కుళాయి ఎంత అందంగా ఉన్నా కొనకు. బీరును ఒక పాత్ర నుంచి ఇంకోదానిలోకి దింపే సైఫన్ గొట్టం కూడా అంతే. లోపల మసకబారితే పారెయ్యి, గొట్టం ఖరీదెంతని.

శానిటైజర్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన, మళ్ళీ కడగక్కర్లేని రకం తెచ్చుకో. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం నీళ్ళలో కలిపి, కొంత స్ప్రే సీసాలో పోసి పక్కనే పెట్టుకో. దాని నురగ చూసి టెన్షన్ పడకు, బీరులో కలిసినా ఏం కాదు. కాకపోతే ముందు శుభ్రంగా కడగాలి, ఆ తర్వాతే శానిటైజర్. మురికి మీద అది పనిచెయ్యదు. చవకని బ్లీచింగ్ ద్రావణం వాడతారు కొందరు. అది కాస్త మిగిలినా బీరుకు మందుల వాసన పడుతుంది. పైగా అది ఆమ్లంతో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఆ రెండూ ఒకే గదిలో వాడొద్దు.

ఇప్పుడు హైడ్రోమీటర్. నీ జాబితాలో అది లేకపోవడం చూసి నిజంగా భయమేసింది. నేను మొదలుపెట్టిన ఏడాది, ఎయిర్‌లాక్‌లో (మూతకు బిగించే నీళ్ళ గొట్టం, గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వదు) బుడగలు ఆగిపోయాయని పులియడం అయిపోయిందనుకున్నాను. చలికి ఈస్ట్ మందగించిందని నాకు తెలియదు. సీసాల్లో పోసి మూతలు బిగించేశాను. వాతావరణం వేడెక్కాక ఈస్ట్ మళ్ళీ పని మొదలుపెట్టి లోపల గ్యాస్ నిండి, ఒక రాత్రి ఆ సీసాలు ఒకదాని వెంట ఒకటి పేలాయి. గాజు పెంకులు తలుపు చెక్కలో దిగబడ్డాయి. మీ అత్తయ్య అంతకు పది నిమిషాల ముందే ఆ గదిలో బట్టలు మడతపెట్టి బయటికొచ్చింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

హైడ్రోమీటర్ చిన్న గాజు పరికరమే. వోర్ట్‌లో చక్కెర ఎంతుందో చెబుతుంది. ఈస్ట్ వేసేముందు 1.050 చూపించి, పులిశాక 1.010కి దిగిందనుకో, తేడా 0.040. దాన్ని 131.25తో గుణిస్తే 5.25, అంటే సుమారుగా అన్ని శాతం ఆల్కహాల్. నాకు మాత్రం ఆ లెక్క కన్నా దాని ఇంకో ఉపయోగమే ముఖ్యం. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు అంకె మారకుండా ఉండి, అది రెసిపీలో చెప్పిన చివరి అంకెకు దగ్గరగా ఉంటేనే సీసాల్లో పొయ్యి. కొన్నాక 20 డిగ్రీల స్వచ్ఛమైన నీళ్ళలో వేసి చూడు, 1.000 చూపించాలి. చాలావాటిని ఆ వేడికే సరిచేసి ఉంచుతారు, నీదేదో దాని మీదే రాసి ఉంటుంది. చూడ్డానికి తీసిన బీరును మళ్ళీ బకెట్‌లో పొయ్యకు, రుచి చూసెయ్యి. సులువుగా పగిలిపోతుంది కాబట్టి రెండు కొనుక్కో.

నీ దగ్గర ఇంకా డబ్బు మిగిలితే అది చల్లదనానికి పెట్టు. ఏల్ (గది వేడికి దగ్గరగా పులిసే బీరు రకం) ఈస్ట్‌లు చాలావరకు 18 నుంచి 20 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తాయి. పులిసేటప్పుడు దాని వేడి దానికే పుడుతుంది, గది కన్నా లోపల మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. గదిలో 28 ఉందంటే లోపలి సంగతి ఊహించుకో. అలా చేసిన బీరులో రంగు పలచన చేసే ద్రావకం లాంటి వాసన వస్తుంది, తాగితే తలనొప్పి. బకెట్‌కు అంటించే పట్టీ థర్మామీటర్ ఒకటి కొను. బకెట్‌ను నీళ్ళ తొట్టెలో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు పొద్దునా సాయంత్రం మారుస్తూ ఉండు. ముఖ్యంగా మొదటి మూడు నాలుగు రోజులు. అలవాటు కుదిరాక పాత ఫ్రిజ్, దానికి ఒక టెంపరేచర్ కంట్రోలర్ సంపాదించు. నా బీరు రుచిని అంతగా మార్చిన వస్తువు ఇంకోటి లేదు. నువ్వు ఎప్పుడూ వేడిగా ఉండే చోటే ఉంటే క్వైక్ అనే నార్వే ఈస్ట్ తెప్పించుకో, అది 30 డిగ్రీలు దాటినా శుభ్రంగా పులియబెడుతుంది.

సీసాలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మర మూతలవి కాకుండా క్రౌన్ మూత (అంచు ముడతలుండే రేకు మూత) పట్టే మందపాటి గోధుమరంగు సీసాలు పోగుచెయ్యి. పారదర్శకమైనవీ పచ్చవీ వద్దు, వెలుతురు తగిలితే హాప్స్ చెడి కంపు కొడతాయి. అర లీటరువి 20 ఉంటే సరి. మూతలు బిగించడానికి రెండు పిడుల క్యాపర్ చాలు. మొదటిసారి రెండు మూడు సీసాల బీరును కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిళ్ళలో పోసి ఉంచు. వాటిని నొక్కి చూస్తే గ్యాస్ ఎంత పట్టిందో వేలికే తెలుస్తుంది. గ్యాస్ కోసం వేసే చక్కెరను చెంచాలతో కొలవకు. లీటరుకు 6 గ్రాముల చొప్పున త్రాసులో తూచి, నీళ్ళలో మరిగించి మొత్తం బీరులో కలుపు. కాబట్టి గ్రాములు చూపే చిన్న త్రాసు కూడా జాబితాలో చేర్చు.

కెగ్, మర, రాగి చుట్ట, కరెంటుతో నడిచే పెద్ద మెషీన్లు, ఇవన్నీ ఐదారు విడతలు చేశాక ఆలోచించు. నీకు ఏ రకం బీరు చెయ్యడం ఇష్టమో అప్పటికి తెలుస్తుంది. పులిసిన బీరును రెండో పాత్రలోకి మార్చాలని, దానికి ఇంకో కార్బాయ్ కావాలని ఎవరైనా చెబితే వినకు. పాత రోజుల్లో మేమూ అలాగే చేసేవాళ్ళం. మామూలు ఏల్‌కి అది అవసరం లేదు, మార్చిన ప్రతిసారీ బీరుకు గాలి తగలడం తప్ప ఒరిగేదేం లేదు.

సామాను వచ్చిన రోజే మాల్ట్ ప్యాకెట్ విప్పకు. ముందు ఉత్త నీళ్ళతో మొత్తం పని ఒకసారి చేసి చూడు. బకెట్‌లో లీటరు లీటరు పోస్తూ బయట గీతలు గుర్తుపెట్టు. కుళాయి బిగించి రాత్రంతా నీళ్ళతో వదిలెయ్యి. మూత పెట్టి మెల్లగా నొక్కితే ఎయిర్‌లాక్‌లో నీళ్ళు కదులుతున్నాయో లేదో చూడు. నాలుగు సీసాల్లో నీళ్ళు పోసి మూతలు బిగించి, తలకిందులు చేసి చూడు. ఎక్కడ కారిందో, ఏ మూత బిగుసుకోలేదో నాకు రాస్తే, మొదటి విడతకు ఏ ఈస్ట్ వెయ్యాలో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య