చెత్తతో క్రాఫ్టా, క్రాఫ్ట్‌తో చెత్తా?

ప్రశ్న: అక్కా, మా పాపకి ఏడేళ్ళు. స్కూల్లో పనికిరాని వాటితో ఏదైనా చేసి తెమ్మంటే ఇంట్లో పాత పేపర్లున్నాయి కదా అని మొదలుపెట్టాం, తీరా చూస్తే కొత్త చార్టులు, గ్లిట్టర్, డబుల్ టేపు అన్నీ కొన్నాం. రెండ్రోజులు షెల్ఫ్‌లో పెట్టి చెత్తబుట్టలో పడేశాం. ఇది రీసైక్లింగేనా? ఈ వయసు పిల్లలకి అసలు అదేంటో ఎలా చూపించాలి?

జవాబు: కాదమ్మా, కొత్త చెత్త తయారుచేశారంతే! గ్లిట్టర్ అంటే చాలావరకు ప్లాస్టిక్కే, అది అంటించాక ఆ కాగితం మళ్ళీ దేనికీ పనికిరాదు. పాపకి బొమ్మ కాదు, కాగితాన్నే చేయడం నేర్పండి. పాత నోట్‌బుక్ పేజీలు చిన్న ముక్కలుగా చింపించి రాత్రంతా నీళ్ళల్లో నాననివ్వండి, పొద్దున్నే బోలెడు నీళ్ళు పోసి మిక్సీలో తిప్పితే (ఇది మీ పని, పాపది కాదు) మెత్తటి గుజ్జు వస్తుంది. దాన్ని వెడల్పాటి టబ్బులో నీళ్ళల్లో కలిపి, పాత ఫొటో ఫ్రేమ్‌కి దోమల నెట్ గట్టిగా లాగి బిగించి లోపలికి ముంచి అడ్డంగా అలాగే పైకి లేపండి. నీళ్ళు కారిపోయాక ఒక గుడ్డ మీద బోర్లించి, నెట్ పైనుంచి స్పాంజితో అద్ది ఫ్రేమ్ తీసేయండి, ఒకట్రెండు రోజుల్లో ఆరిపోతుంది. మొదటిది ఎగుడుదిగుడుగా వస్తుంది, మాదైతే మధ్యలో చిల్లు కూడా పడింది.

గమ్ వేయకుండా ఎలా అతుక్కుందని పాప తప్పకుండా అడుగుతుంది. ఒక కాగితం చింపి ఆ అంచుని వెలుతురులో చూపించండి, సన్నటి వెంట్రుకల్లాంటి పోగులు కనిపిస్తాయి, అది చెట్టు నుంచి వచ్చిన సెల్యులోజ్. నీళ్ళల్లో విడిపోయి, ఆరేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కానీ రీసైకిల్ చేసిన ప్రతిసారీ ఆ పోగులు పొట్టివైపోతాయి, అందుకే ఒక కాగితాన్ని మామూలుగా 5 నుంచి 7 సార్లే రీసైకిల్ చేయగలం అంటారు. అంటే ముందు రెండో వైపు కూడా రాయడం, ఆ తర్వాతే గుజ్జు!

ఏ కాగితం పనికొస్తుందో కూడా పాపనే తేల్చమనండి. గుప్పిట్లో నలిపితే నలిగినట్టే ఉండిపోవాలి, మళ్ళీ విచ్చుకుంటే ప్లాస్టిక్ పొర ఉండొచ్చు, పక్కన పెట్టేయండి. పేపర్ కప్పులకీ లోపల అలాంటి పొరే ఉంటుంది. షాపు బిల్లుని గోరుతో గీస్తే నల్లగా గీత పడిందా, అది థర్మల్ పేపర్ (ఇంకు లేకుండా వేడితోనే అక్షరాలు పడే కాగితం), దాని మీద రసాయనాలుంటాయి కాబట్టి టబ్బులో వద్దు. న్యూస్‌పేపర్ వేస్తే ఇంకు వల్ల బూడిదరంగు వస్తుంది, తప్పేం లేదు.

అన్నట్టు మిగిలిన గుజ్జుని సింకులో మాత్రం పారబోయకండి, పైపు పూడుకుపోతుంది. గుడ్డలో పిండి ఉండ చేసి ఆరబెట్టుకుంటే మళ్ళీ నానబెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్ళేనండి, వాడు ఇందులో ఏం చేయగలడు?

జవాబు: చించడం మొత్తం వాడికే అప్పజెప్పండి, అంత ఇష్టంగా చేసే పని ఇంకోటుండదు, చేతివేళ్ళకీ మంచిది. తడి గుజ్జు నోట్లో పెట్టుకోకుండా పక్కనే కూర్చోండి. మీకు కావాల్సిన కాగితాలు మాత్రం ముందే ఎత్తి పైన పెట్టేసుకోండి, వాడికి ఇంటి దస్తావేజూ పాత పేపరూ ఒకటే మరి.