మోటారు మధ్యాహ్నం వేయించు అల్లుడూ

అల్లుడూ,

అనంతపురంలో మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీ పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. మెయింటెనెన్స్ గొడవలు ఎప్పుడూ ఉండేవే, ముందు ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు వేసే టైము మధ్యాహ్నానికి మార్చు.

సాయంత్రం ఏడింటికి మోటారు ఎందుకు వేస్తావంటే వాచ్‌మన్ "ముందు నుంచీ ఇంతే సార్" అంటాడు. ఊరంతా లైట్లు, ఏసీలు వేసుకునే టైము అదే, అప్పటికి ఓర్వకల్లు దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు నుంచి ఒక్క యూనిట్ రాదు. మధ్యాహ్నమేమో కరెంటు మిగిలితే సోలార్ వాళ్లను ఉత్పత్తి తగ్గించమనాల్సి వస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు ఆలోచన కూడా ఇదే, మిగులు కరెంటుతో నీళ్లు పైకెత్తి అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. మీ ట్యాంకు కరెంటు వెనక్కివ్వదు కానీ సాయంత్రం అడక్కుండా ఉంటుంది, అదీ తక్కువేం కాదు. 5 హెచ్‌పీ మోటారు నాలుగు కిలోవాట్లకు పైనే లాగుతుంది, అలాంటివి వెయ్యి ఆగితే నాలుగు మెగావాట్లు. ఏసీ అరగంట ఆపితే ఇంటింటా గొడవే, మోటారు ఆపితే ట్యాంకులో నీళ్లున్నంతసేపూ ఎవరికీ తెలియను కూడా తెలియదు.

సాయంత్రం నుంచి మర్నాడు పది దాకా ఎన్ని నీళ్లు ఖర్చవుతాయో వారం పాటు రాయించు. పైట్యాంకు అంత పట్టకపోతే నాలుగింటికి ఇంకోసారి నింపండి. మట్టం మరీ పడిపోతే మాత్రం టైము చూడకుండా వేసేయాలి, స్నానాల వేళ నీళ్లాగితే నీ పదవి ఆ రోజుతో సరి. ఎండాకాలం బోరు ఆగి ఆగి పోస్తుంది కాబట్టి బోరు నుంచి సంపుకి ఎప్పుడు పడితే అప్పుడు తోడనీ, సంపు నుంచి పైకి ఎక్కించే మోటారు మటుకే పగటికి మార్చు. నీళ్లు లేకపోతే దానంతటదే ఆగే ఏర్పాటు రెండిటికీ ఉండాలి.

బిల్లు తగ్గుతుందని మీటింగులో మాట ఇవ్వకు. ఎండ ఉండే సోలార్ గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023లో కేంద్రం నియమం పెట్టింది, కానీ దానికి స్మార్ట్ మీటర్ ఉండాలి, ముందు మీ కామన్ మీటర్ ఏ కేటగిరీలో ఉందో కరెంటాఫీసులో కనుక్కో.

టైమర్ కొనేటప్పుడు లోపల బ్యాటరీ ఉన్నది చూడు, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ టైము తప్పుతుంది. పక్క అపార్ట్‌మెంట్ల వాళ్లూ మొదలుపెడితే అందరూ సరిగ్గా పన్నెండుకే పెట్టుకోకండి, మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా ఐదారింతల కరెంటు లాగుతుంది, తలా పది నిమిషాలు తేడా పెట్టుకోండి. చేత్తో వేసే స్విచ్ మాత్రం తీయించకు, వాచ్‌మన్‌కి అది ఉండాల్సిందే.

మామ