అంగారకుడి మీద ‘తలుపు’ కనిపించిందా? ముందు కొలత తీయండి

మీరడిగింది రెండు ముక్కలు: అంగారకుడి మీద తిరిగే యంత్ర వాహనాలైన రోవర్ల ఫొటోల్లో తలుపులూ ముఖాలూ ఎందుకు కనిపిస్తాయి, ఒకే రాయి ఒకచోట ఎర్రగా, ఇంకోచోట నీలి బూడిదరంగులో ఎందుకుంటుంది అని.

తలుపు సంగతి ముందు చూద్దాం. బండలో తలుపులా కనిపించే ఆ ఫొటోను నాసా క్యూరియాసిటీ రోవర్ 2022 మే 7న తీసింది. ఆ ‘తలుపు’ ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 40. పిల్లి దూరడానికి సరిపోతుంది. బండలో పగుళ్లు ఒకదాన్నొకటి కలిసిన చోట రాయి పెచ్చు ఊడింది, లోపల నీడ పడింది, అంతే. చెట్టో మనిషో పక్కన ఉంటే ఎవరూ మోసపోరు. అంగారకుడి మీద అలాంటి ఆనవాలు ఉండదు కాబట్టి కన్ను తనకు అలవాటైన సైజు అంటగట్టేస్తుంది.

కాబట్టి మొదటి పని కొలత. నాసా రా ఇమేజెస్ (మార్పులు చేయని ఫొటోలు) పేజీలో క్యూరియాసిటీ ఫైలు పేరు చూడండి: మొదటి నాలుగంకెలు సోల్, అంటే అక్కడి రోజు. తర్వాతి రెండక్షరాలు కెమెరా: ‘ఎంఆర్’ అయితే రోవర్ స్తంభం మీదుండే జంట కెమెరా మాస్ట్‌క్యామ్ కుడి కన్ను, ‘ఎంఎల్’ అయితే ఎడమ, ‘ఎంహెచ్’ అయితే రోవర్ చేతి చివర ఉండే, దగ్గరి ఫొటోలు తీసే మాహ్లీ. కుడి కంటికి 100 మి.మీ. లెన్సు; కిలోమీటరు దూరంలో దాని ఒక్కో పిక్సెల్ 7.4 సెం.మీ. ఎడమది 34 మి.మీ.; అదే దూరంలో 22 సెం.మీ. దూరం తగ్గిన కొద్దీ ఇదీ అదే లెక్కన తగ్గుతుంది. కుడి కంటికి 10 మీటర్ల దూరంలో పిక్సెల్‌కు 0.74 మి.మీ. వస్తువు 400 పిక్సెళ్లుంటే దాదాపు 30 సెం.మీ. దూరం తెలియకపోతే తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ అనుకుని రెండుసార్లు లెక్కేయండి. ఇది అసలు సైజు ఫైలుకే వర్తిస్తుంది. చేతులు మారి వచ్చిన ఫొటోను కుదించి, మళ్లీ సాగదీసి ఉంటారు. జేపెగ్ కుదింపులో పుట్టే 8×8 గళ్లే చాలా ‘గోడల’కు పునాది.

రెండోది, వెలుగు ఎటునుంచి పడుతోందో చూడాలి. 1976 జులై 25న నాసా నౌక వైకింగ్ 1 కక్ష్యలోంచి తీసిన, అంగారకుడి మీద సైడోనియా అనే ప్రాంతంలోని ‘ముఖం’ కిలోమీటర్ల పొడవున్న గుట్ట. సూర్యుడు కిందికి వాలి ఉండడంతో నీడలే కళ్లూ నోరూ అయ్యాయి. మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే మరో నౌక 1998లో, 2001లో స్పష్టంగా తీశాక గుట్టే మిగిలింది. గుంట మిట్టలా కనిపిస్తుంటే ఫొటోను తలకిందులు చేసి చూడండి, చాలాసార్లు సరైపోతుంది.

మూడోది, రెండో కన్ను. 2014 ఏప్రిల్‌లో క్యూరియాసిటీకి దారి చూపే జంట కెమెరా నావ్‌క్యామ్ కుడి ఫొటోలో క్షితిజం దగ్గర తెల్లటి వెలుగు కనిపించి పెద్ద గోల జరిగింది. దాదాపు అదే క్షణంలో తీసిన ఎడమ ఫొటోలో అది లేదు. సెన్సర్‌కు అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణం తగిలినా, రాయి మీద ఎండ తళుక్కుమన్నా అలా వస్తుంది. పాత సోల్‌లు కూడా తిరగేయండి: 2014 జనవరిలో ఆపర్చునిటీ అనే ఇంకో నాసా రోవర్ ముందు ‘ఎక్కడినుంచో వచ్చిపడిన’ 4 సెం.మీ. రాయి, ఆ రోవర్ చక్రం కింద చితికిన బండలోని ముక్కే.

ఇక రంగు. రా ఫొటో కాస్త గోధుమ ఎరుపులో ఉంటుంది, గాలిలోని ధూళి వెలుగును అలా మారుస్తుంది. భూమి మీద ఎండలో పెడితే ఆ రాయి ఎలా ఉంటుందో చూపడానికి వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేయడం) చేస్తే అది బూడిదరంగుకు వస్తుంది, ఆకాశం నీలంగా తేలుతుంది. రాళ్లను గుర్తుపట్టడానికి భూగర్భ శాస్త్రవేత్తలకు ఇదే అనువు. మూడో రకం ఫాల్స్ కలర్: తేడాలు తెలియడానికి కావాలనే రంగులు సాగదీస్తారు. ఆపర్చునిటీ 2004లో చూసిన ‘బ్లూబెర్రీలు’ నీలమని అందరూ నమ్మింది ఇందువల్లే. అవి కొన్ని మిల్లీమీటర్ల హెమటైట్ (ఇనుప ఖనిజం) గుండ్లు. చుట్టూ ఉన్న ఎర్రమన్నుతో పోల్చితేనే నీలం. 1976లో వైకింగ్ 1 నుంచి నేల మీద దిగిన ల్యాండర్ తీసిన తొలి రంగు ఫొటోను కూడా నీలాకాశంతో విడుదల చేసి, తర్వాత గులాబీ వన్నెకు సరిదిద్దారు. కాబట్టి కింద రాసిన వివరణలో ఏ రకం ఫొటోనో చదవకుండా రంగు గురించి వాదించకండి.

నిజానికి నోరెళ్లబెట్టాల్సిన ఫొటోలను జనం చూసీచూడనట్టు వదిలేస్తారు. 2012లో గేల్ క్రేటర్ అనే పెద్ద గుంటలో క్యూరియాసిటీ తీసిన ‘హొట్టా’ బండ చూడండి. విరిగిన సిమెంటు పలకలా ఉంటుంది, అందులో గులకరాళ్లు ఇరుక్కుని ఉంటాయి. వాటి అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి, కొన్ని గాలి మోయలేనంత పెద్దవి. నీళ్లు దొర్లిస్తేనే అలా అరుగుతాయి. చీలమండ నుంచి నడుము లోతు దాకా, మనిషి నడక వేగంతో పారిన వాగు అని వాటి సైజును బట్టే అంచనా కట్టారు.