బిన్ పేరు మారిస్తే ఐఎస్ఓ అయిపోదు

తమ్ముడూ,

నీ పీఎస్2 (ప్లేస్టేషన్ 2) మెమరీ కార్డులో సొంత ప్రోగ్రాములు నడవనిచ్చే ఫ్రీ మెక్‌బూట్ ఎక్కింది, డిస్కు లేకుండా ఫైళ్ల నుంచి గేమ్‌లు నడిపే ఓపీఎల్ తెరుచుకుంటోంది. ఇక నీ దగ్గరున్న డిస్కులను ఫైళ్లుగా మార్చుకోవాలి. ఏ టూలూ ముట్టుకోకముందే డిస్కు వెనక్కి తిప్పి చూడు. నీలంగా ఉంటే సీడీ, వెండి రంగైతే డీవీడీ. మిగతా దారంతా దీన్నిబట్టే.

డీవీడీతో తంటా లేదు. డిస్కులను కాపీ చేసే ఇమ్‌గ్‌బర్న్ ప్రోగ్రాంలో రీడ్ మోడ్ పెడితే నేరుగా ఐఎస్ఓ, అంటే డిస్కు డేటా అంతా ఉన్న ఒకే ఫైలు, వస్తుంది, మార్చే పనే ఉండదు. సీడీకైతే బిన్ (డిస్కు ముడి కాపీ), క్యూ (ట్రాకుల వివరాలు) అని రెండు ఫైళ్లొస్తాయి. క్యూ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరువు, మోడ్2/2352 అని కనిపిస్తుంది. అంటే డిస్కులో ఒక్కో సెక్టారు (డేటా గడి) 2352 బైట్లు. అందులో గేమ్ డేటా 2048 మాత్రమే. దానికి ముందు 24 బైట్ల హెడర్లు, వెనక 280 బైట్ల ఎర్రర్ కరెక్షన్ ఉంటాయి. ఓపీఎల్‌కు ఆ 2048లే వరసగా కావాలి. బిన్ అన్నచోట ఐఎస్ఓ అని పేరు మార్చి ఊరుకుంటే లోపల ఆ అదనపు బైట్లు అలాగే ఉంటాయి, తెర నల్లగా నిలబడిపోతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు.

లైనక్స్‌లో బీచంక్ అనే టూల్ ఈ అదనపు బైట్లు తీసేసే పని శుభ్రంగా చేస్తుంది. బిన్, క్యూ, కొత్త పేరు, ఈ వరసలోనే ఇవ్వాలి. వచ్చిన ఫైలు సైజు లెక్క చూసుకో: 3,00,000 సెక్టార్ల బిన్ 70,56,00,000 బైట్లుంటే, ఐఎస్ఓ 61,44,00,000 బైట్లుండాలి. తర్వాత 7-జిప్‌తో తెరిస్తే సిస్టమ్.సీఎన్ఎఫ్ అనే ఫైలు కనిపించాలి, అందులో బూట్2 అనే లైనుండాలి. ఉత్త బూట్ అని ఉంటే అది పీఎస్1 గేమ్. దాన్ని ఐఎస్ఓ చేయకు, ఆడియో ట్రాకులు పోతాయి. క్యూ2పాప్స్ టూల్‌తో వీసీడీ అనే రకం ఫైలు (వీడియో సీడీ కాదు) చేసుకుని, పీఎస్2లో పీఎస్1 గేమ్‌లు నడిపే పాప్‌స్టార్టర్‌తో నడుపు.

పెన్‌డ్రైవ్‌లో సీడీ, డీవీడీ అని ఆంగ్ల పెద్దక్షరాలతో రెండు ఫోల్డర్లు చేసి, ఏ గేమ్‌ను దాని ఫోల్డర్‌లోనే పెట్టు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. దాటితే యూఎస్‌బీయుటిల్ అనే టూల్ దాన్ని 1 జీబీ ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలూ, వాటితో వచ్చే యూఎల్.సీఎఫ్‌జీ ఫైలూ ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే ఉండాలి. ఆ సీఎఫ్‌జీ పోయిందంటే ముక్కలన్నీ ఉన్నా లిస్టులో గేమ్ రాదు. 1.2 బీటా ఓపీఎల్ అయితే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ కూడా చదువుతుంది, ఈ ముక్కల గొడవే ఉండదు.

ఫైలు డ్రైవ్‌లో ఒకేచోట లేకుండా చెదిరి (ఫ్రాగ్మెంట్ అయి) ఉందని ఓపీఎల్ మొరాయిస్తే మార్పిడిలో తప్పు వెతకకు. పాతవి చెరిపి కొత్తవి ఎక్కిస్తే ఖాళీ అయిన సందుల్లో ఫైలు చెదిరి పడుతుంది. డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి కాపీ చెయ్యి.

వీడియోలు తడబడినా ఫైలుది తప్పు కాదు. ఆ కన్సోల్ యూఎస్‌బీ 1.1 వేగం సెకనుకు 12 మెగాబిట్లే. అలాంటి గేమ్‌ను నెట్‌వర్క్ షేర్‌లోనో, లావు పీఎస్2 అయితే లోపలి హార్డ్‌డిస్కులోనో పెట్టుకో.

బిన్, క్యూ మాత్రం కంప్యూటర్‌లో దాచి ఉంచు. ఐఎస్ఓ చేసేటప్పుడు తీసేసిన హెడర్లు దాన్నుంచి ఉన్నవున్నట్టు తిరిగి రావు.