పసుపెక్కిన పాత పెంటాక్స్ లెన్సు: విప్పించాలా, ఎండలో పెట్టాలా?

మీరు అడిగింది ఇదీ: విజయనగరంలో మీ తాతగారి బీరువాలో పెంటాక్స్ కంపెనీ సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్సు దొరికింది. అద్దం టీ డికాషన్ రంగులో ఉంది. షాపువాళ్ళు విప్పి లోపల తుడిస్తే తెల్లబడుతుందంటున్నారు. ఇంట్లోవాళ్ళేమో యూట్యూబ్‌లో "రేడియేషన్ లెన్సు" అన్న వీడియో చూసి, దాన్ని ముందు ఇంట్లోంచి తీసెయ్యమంటున్నారు. ఏం చెయ్యాలి?

విప్పించకండి, పారెయ్యకండి. మేడ మీద ఎండలో పెట్టండి. ఎలా పెట్టాలన్నదే అసలు సంగతి. నేను తప్పుగా పెట్టి కొంప కాల్చుకోబోయాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. మా మావయ్యకి పాలకొండలో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, చనిపోయినవాళ్ళ ఫొటోలకి ఎన్‌లార్జ్‌మెంట్లు, అన్నీ చేసేవాడు. డిజిటల్ వచ్చాక స్టూడియో మూసేసి, పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కెమెరానీ రెండు లెన్సుల్నీ ఓ గుడ్డసంచీలో చుట్టి నాకిచ్చాడు. ఒకటి మీ దగ్గరున్నదే, సూపర్ టకుమార్ 50 ఎఫ్/1.4. రెండోది కొంచెం తర్వాతి కాలంది, 55 ఎఫ్/1.8. రెండూ పసుపే. నేను కూడా మొదట మీలాగే అనుకున్నాను. దుమ్మో, పొగో, సముద్రపు గాలికి పట్టిన మురికో అయ్యుంటుందని 55ని ఒక రిపేరు షాపులో ఇచ్చాను. వారం తర్వాత చేతికొచ్చింది. ముందువైపు రింగు మీద స్క్రూడ్రైవర్ జారిన గీతలు రెండు, లోపల ఒక వెంట్రుక. పసుపు మాత్రం చెక్కుచెదరలేదు. ఎనిమిది వందలు ఇచ్చాను, అది వేరే బాధ.

అక్కడ తుడవడానికి ఏమీ లేదు. రంగు అద్దం మీద లేదు, అద్దంలోనే ఉంది. పసుపు కలిపిన పాలమీద మీగడ తీసేస్తే పాలు తెల్లబడతాయా? ఇదీ అంతే.

1960ల్లో, 70ల్లో కొన్ని కంపెనీలు ఎఫ్/1.4, ఎఫ్/1.2 లాంటి పెద్ద నోరున్న లెన్సులు చెయ్యడానికి అద్దంలో థోరియం అనే రేడియోధార్మిక లోహపు ఆక్సైడ్ కలిపేవి. అది కలిస్తే అద్దం కాంతిని బాగా వంచుతుంది, అదే సమయంలో రంగుల్ని మరీ విడదీయదు. మామూలుగా ఈ రెండూ ఒకేచోట దొరకవు. తర్వాత లాంథనం అద్దాలు మెరుగయ్యాక థోరియం వాడకం మానేశారు. ఈ లోపల జరిగిందేమిటంటే, థోరియం ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా విఘటనం చెందుతూ, ఆ వికిరణంతో అద్దంలోని ఎలక్ట్రాన్లని వాటి చోటు నుంచి తన్నేస్తుంది. అవి అద్దం నిర్మాణంలోని లోపాల్లో ఇరుక్కుపోతాయి. అలా ఇరుక్కున్న చోట్లు నీలికాంతిని మింగేస్తాయి. నీలం పోగా మిగిలింది మనకి పసుపుగా, ముదిరితే గోధుమరంగుగా కనిపిస్తుంది. అతినీలలోహిత కాంతి, అదే యూవీ, తగిలితే ఆ ఎలక్ట్రాన్లకి బయటపడే శక్తి వస్తుంది, రంగు విరుగుతుంది. ఎండలో యూవీ ఉంది. కంటి జబ్బులకి అరసవిల్లి వచ్చి సూర్యనారాయణస్వామికి మొక్కుకునే ఊరు మాది. లెన్సు కంటికీ వైద్యుడు ఆయనే అని మావయ్య నవ్వాడు.

ఎండలో పెట్టేముందు ఒక పరీక్ష చెయ్యండి. తెల్ల కాయితం మీద లెన్సుని పెట్టి, రెండు మూతలూ తీసి, పైనుంచి చూడండి. పక్కన ఇంకో లెన్సు ఉంటే అదీ పెట్టండి. కాయితం అంచు నుంచి అంచు దాకా ఒకేలా పసుపుగా కనిపిస్తే అది థోరియమే అయ్యుంటుంది. అలా కాక మచ్చలు మచ్చలుగా, లేక అంచులనుంచి లోపలికి పాకినట్టు ఉంటే, రెండు అద్దాల్ని అతికించిన జిగురు పాడైనట్టు. దానికి ఎండ పనిచెయ్యదు, పైగా వేడికి ఇంకా విడిపోవచ్చు. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్. మన కోస్తా తేమలో అది సర్వసాధారణం, దాన్ని మాత్రం నిజంగానే విప్పి శుభ్రం చేయించాలి. అద్దం మీద మెరుపు బంగారురంగులో ఉన్నంతమాత్రాన కంగారుపడొద్దు, అది కోటింగు. అద్దంలోంచి చూడాలి గానీ అద్దం మీద చూసి తేల్చకూడదు.

ఇక నా ఘనకార్యం. మార్చి నెల, మేడ మీద అమ్మ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. ఆ పక్కనే ఎండ బాగుందని 50ని అక్కడికి తీసుకెళ్ళాను. దొర్లిపోకుండా ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బా నోటిమీద కూర్చోబెట్టి, అడుగున మెత్తగా ఉంటుందని పాత బనీను గుడ్డ పెట్టాను. లెన్సు ముందువైపు ఆకాశం కేసి. కిందకొచ్చి కాఫీ తాగుతున్నాను. పావుగంట కాలేదు, పైనుంచి అమ్మ కేక.

"ఏటిరా ఇది? ఏదో మాడిన వాసనొస్తోంది!"

పరిగెత్తి వెళ్ళేసరికి డబ్బాలోంచి సన్నగా నూలుపోగులాంటి పొగ. గుడ్డలో కందిగింజంత నల్లటి చిల్లు, చుట్టూ ఎర్రటి అంచు ఇంకా లోపలికి తింటూ పోతోంది. దాని కింద ప్లాస్టిక్ కరిగి గుంట పడింది. గుడ్డని నీళ్ళ బకెట్లో ముంచాను. చీర జానెడు దూరంలోనే ఉంది. చిన్నప్పుడు భూతద్దంతో కాయితాలు కాల్చినవాణ్ణి, ఎఫ్/1.4 లెన్సంటే అంతకన్నా పెద్ద భూతద్దమని ఆ క్షణం దాకా తట్టలేదు! అమ్మ మాత్రం ఇప్పటికీ వడియాలు పెట్టే రోజు ముందే అడుగుతుంది, "నీ అద్దాలు మేడ మీదున్నాయా?" అని.

ఆ తర్వాత నేను చేసిన పద్ధతి ఇది. లెన్సు ముందువైపుని చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌తో గట్టిగా మూసేశాను, మెరిసేవైపు లోపలికి. వెనకవైపు, అంటే కెమెరాకి బిగించే వైపు, పైకి. ఈ లెన్సులో థోరియం అద్దం వెనకవైపే ఉంటుంది కాబట్టి ఎండ ముందు దానికే తగులుతుంది, ఫాయిల్ మీద పడ్డ వెలుతురు మళ్ళీ వెనక్కి తిరిగి ఇంకోసారి దానిలోంచే పోతుంది. కింద స్టీలు పళ్ళెం, గుడ్డలూ కాయితాలూ ఏవీ లేకుండా. అపర్చర్, అంటే లోపల వెలుతురు దారిని చిన్నదీ పెద్దదీ చేసే రేకుల కన్ను, పూర్తిగా తెరిచి ఉంచాలి, లేకపోతే ఆ వేడంతా పల్చటి రేకుల మీద పడుతుంది. మీ లెన్సు పక్కన ఆటో, మాన్యువల్ అని చిన్న స్విచ్ ఉంటుంది, ఆటోలో పెడితే తెరుచుకునే ఉంటుంది. ఎండలో ఉన్నంతసేపూ మనిషి దగ్గరుండాలి. నేను పేపరు అక్కడే చదివేవాణ్ణి.

ఇంకో తెలివితక్కువ పని కూడా చెప్పేస్తాను, మీరు చెయ్యకుండా ఉంటారని. ఆ మొదటి రోజు లెన్సు ముందు మావయ్య ఏనాడో బిగించిన యూవీ ఫిల్టరు అలాగే ఉంది. యూవీని ఆపడానికే పుట్టిన అద్దం పెట్టుకుని యూవీ వైద్యం చేయబోయానన్నమాట. బనీను గుడ్డ కాలిపోయిందంటే వేడికి ఆ ఫిల్టరు అడ్డం రాలేదు, మందుని మాత్రం ఆపింది. ఫిల్టరు ఉంటే తీసేయండి.

వేళ విషయానికొస్తే, యూవీ నడిమధ్యాహ్నమే ఎక్కువ గానీ మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ వేళకి లెన్సు చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. అంత కాలితే లోపలి గ్రీజు పల్చబడి అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, అతుకులూ విడిపోవచ్చు. అందుకని ఉదయం 8 నుంచి 11 దాకా పెట్టి తీసేసేవాణ్ణి. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. రోజుకు 3 గంటల చొప్పున నాకు 17 రోజులు పట్టింది. మొదటి నాలుగైదు రోజులు ఏమీ మారలేదనిపించి విసుగొచ్చింది. ఎనిమిదో రోజుకి డికాషన్ కాస్తా నిమ్మరసమైంది. చివరికి ఎండుగడ్డి ఛాయ కొద్దిగా మిగిలింది, దాన్ని నేను పట్టించుకోలేదు. గోడ మీది ఒకే చోటుని, ఒకే వెలుతురులో, ఒకే అపర్చర్‌తో తీసి చూస్తే మొదట సెకనులో 60వ వంతు అడిగిన కెమెరా చివర్లో 100వ వంతు అడిగింది. అంటే ముప్పావు స్టాపు దాకా (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమైనట్టు) వెలుతురు ఆ పసుపు తినేస్తోందన్నమాట.

కిటికీ అద్దం వెనక పెట్టినా పనవుతుంది, కాకపోతే నెమ్మదిగా. వానాకాలమైతే 365 నానోమీటర్ల యూవీ టార్చి కొనుక్కోవచ్చు. గోళ్ళకి జెల్ ఆరబెట్టే దీపం, దొంగనోట్లు చూసే దీపం కూడా పనికొస్తాయి. ఏదైనా వెనక అద్దానికి దగ్గరగా, పైన ఫాయిల్ కప్పి, కళ్ళకి వెలుతురు తగలకుండా. కరోనా రోజుల్లో క్రిములు చంపడానికంటూ అమ్మిన యూవీ ట్యూబులు మాత్రం ముట్టుకోకండి. వాటి కిరణాలు అద్దంలోకి దూరవు గానీ మీ కళ్ళనీ చర్మాన్నీ కాల్చేస్తాయి.

రేడియేషన్ భయం గురించి. మీ ఇంట్లోవాళ్ళు అన్నది అబద్ధం కాదు, లెన్సు దగ్గర రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెడితే టకటకమంటుంది. థోరియం సగం తరగడానికి 1,405 కోట్ల సంవత్సరాలు పడుతుంది కాబట్టి అది మన కాలంలో ఆగేదీ కాదు. కానీ అది విడిగా పొడిలా లేదు, అద్దంలో కరిగి గట్టిపడి ఉంది. దాని ఆల్ఫా కిరణాలని ఓ కాయితం ముక్కే ఆపేస్తుంది, మిగతావి కూడా మూర దూరంలో బాగా పల్చబడిపోతాయి. కెమెరాకి తగిలించి ఫొటోలు తీసుకోవడానికి నేను జంకను. చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి: దాన్ని పగలగొట్టడం, అరగదీయడం, భూతద్దంలా కంటికి ఆనించుకుని గంటలకొద్దీ చూడటం, తలగడ పక్కన పెట్టుకుని పడుకోవడం. పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వొద్దు. నేను బీరువా పై అరలో, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెడతాను. ఆ డబ్బా అసలు ఫంగస్ కోసం.

ఈ మాట మా అమ్మకి చెప్పినప్పుడు పెద్దగా ఎక్కలేదు. ఇసుక గురించి చెప్పాక ఎక్కింది. భీమిలి నుంచి మన శ్రీకాకుళం తీరం దాకా సముద్రపు ఒడ్డున నల్లగా, ఎర్రగా చారలు కడుతుంది చూడండి. నల్లది ఇల్మనైట్, ఎర్రది గార్నెట్. వాటితోపాటే తేనెరంగు రేణువులు కొన్ని ఉంటాయి, అది మోనజైట్. మన దేశంలో థోరియం ముఖ్యంగా దొరికేది అందులోనే. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనదే. కళింగపట్నం వెళ్ళిన ప్రతిసారీ మేం కూర్చుని జంతికలు తిన్నది ఆ ఇసుక మీదే.

ఇంతా చెప్పి ఇంకో మాట. మీరు నలుపు తెలుపు ఫిల్మే వాడేటట్టయితే తొందరపడి పసుపు తియ్యకండి. పాతకాలంలో ఫొటోగ్రాఫర్లు డబ్బిచ్చి పసుపు ఫిల్టరు కొనుక్కునేవారు, ఆకాశం నీలం కాస్త ముదిరి మబ్బులు తేలతాయని. మీకది ఊరికే వచ్చింది. నేను ఎండబెట్టకముందు కళింగపట్నం లైట్‌హౌస్‌ని అలా ఒక రోల్ తీశాను, ఆ మబ్బులు మళ్ళీ నాకు రాలేదు. డిజిటల్‌లో అయితే వైట్ బ్యాలెన్స్ సరిచేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. రంగుల ఫిల్మ్‌కే ఇది పెద్ద తలనొప్పి.

వాడకం మీకు ఇప్పటికే తెలిసుంటే ఈ పేరా వదిలెయ్యండి. మిర్రర్‌లెస్ కెమెరాకి ఎం42 అడాప్టరు కావాలి, 42 మిల్లీమీటర్ల మర, తిప్పి బిగించడమే. కెమెరా మెనూలో లెన్సు లేకున్నా షట్టర్ పడేలా సెట్టింగ్ మార్చాలి. ఇందాక చెప్పిన స్విచ్ ఇప్పుడు మాన్యువల్‌లోకి తిప్పాలి, లేకపోతే రింగు ఎంత తిప్పినా అపర్చర్ మూసుకోదు. లెన్సు పాడైందనుకుని మావయ్యకి ఫోన్ చేసింది నేనే. ఎఫ్/1.4 దగ్గర బొమ్మ మీద పల్చటి మంచులాంటి మెరుపు ఉంటుంది, ఎఫ్/4 కి వచ్చేసరికి పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. పొందూరులో ఖాదీ వడికే ఒక మామ్మగారి చేతుల్ని రెండు రకాలుగానూ తీశాను. పత్తిని ఏకే వాలుగ చేప దవడ, దాని సన్నటి పళ్ళ వరస, ఎఫ్/4 ఫొటోలో ఒక్కో పన్నూ విడివిడిగా ఉంది. కానీ ఆవిడ అడిగి తీసుకున్నది ఎఫ్/1.4 లో తీసిందే. చేతుల మీద ముడతలు కనపడలేదని.

ఒక్క విషయం నేను చెయ్యలేదు, మీరు చెయ్యండి. రేపు మొదలుపెట్టేముందు లెన్సుని తెల్ల కాయితం మీద పెట్టి ఒక ఫొటో తీసుకోండి. నేను అయిదో రోజు నుంచే తీశాను, అసలు డికాషన్ రంగు ఫొటో నా దగ్గర లేదు. తీశాక ఇక్కడ పెట్టండి. పసుపు సమంగా ఉందో, అంచుల్లో ఉందో చూసి చెప్తాను.